మఫ్టీ పోలీసు అనుకున్నారు

(ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో తెలుగు మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఈ నెల పన్నుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పన్నుల గురించే మాట్లాడతాను, కాకపోతే మీరు ఊహించిన పన్నులు కావు. స్ట్రిప్ క్లబ్బుల్లో పనిచేసే డాన్సర్ల పన్నుల గురించి చెబుతాను. ఆ పని మీద వెళ్లిన నన్ను వాళ్లు మఫ్టీలో వచ్చిన పోలీసు అనుకున్నారు. అలా అనుకోవడానికి ఈ ఊళ్లో వాళ్లకి ఉన్న కారణాలు మీకు వివరంగా చెప్పాలని వచ్చాను. పిల్లల్ని పక్క హాల్లో ఆడిస్తున్నామని నిర్వాహకులు చెప్పారు కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడతాను.

నేను ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని, అంటే ప్రభుత్వ గుర్తింపు ఉన్న పన్ను నిపుణుణ్ని, పన్ను రిటర్నులు వేయడం నా వృత్తి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కొన్ని సాయంత్రాలు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి ఉచితంగా రిటర్నులు వేసిపెట్టే చోట వాలంటీరుగా కూర్చుంటాను. ఐఆర్‌ఎస్ అనే పన్నుల శాఖ వాళ్ల వీటా కార్యక్రమం అది. ఒక సీజన్‌లో అక్కడికి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో కాంట్రాక్టర్లకిచ్చే 1099 ఫారం, ఒక నోటు పుస్తకం. ఆ పుస్తకం తెరిచాక ఆమె మీద నాకు గౌరవం కలిగింది. ఏ రాత్రి ఎంత వచ్చింది, అందులో క్లబ్బుకి ఎంత కట్టింది, డీజేకి ఎంత, బౌన్సర్‌కి ఎంత, మేకప్ గదిలో సాయం చేసే పెద్దావిడకి ఎంత, అన్నీ తేదీలవారీగా రాసుకుంది. కొన్ని రాత్రుల లెక్క చివర మైనస్ గుర్తు ఉంది. అంటే రాత్రంతా పనిచేసి, చేతి డబ్బు వదుల్చుకుని ఇంటికెళ్లిందన్నమాట.

ఇది ఎలా జరుగుతుందో బయటివాళ్లకి పెద్దగా తెలియదు. చాలా క్లబ్బుల్లో డాన్సర్‌కి జీతం ఉండదు. డాన్సరే క్లబ్బుకి కడుతుంది. దాన్ని హౌస్ ఫీ అంటారు. అది పోగా టిప్పుల్లో నలుగురికీ వాటా ఇవ్వాలి. కాగితం మీద ఆమె ఇండిపెండెంట్ కాంట్రాక్టర్. కానీ ఎన్నింటికి రావాలి, ఎన్నింటిదాకా ఉండాలి, ఒక పాటకి ఎంత తీసుకోవాలి, ఇవన్నీ క్లబ్బే చెబుతుంది. ఆలస్యమైతే జరిమానా కూడా వేస్తుంది. మీలో కాంట్రాక్టు మీద పనిచేసిన ఐటీ వాళ్లున్నారు, మీకు 1099కీ ఉద్యోగులకిచ్చే డబ్ల్యూ-2కీ తేడా నేను చెప్పక్కర్లేదు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కలిపి 15.3 శాతం. ఉద్యోగి అయితే సగం యజమాని కడతాడు. కాంట్రాక్టర్ అయితే మొత్తం తన నెత్తినే పడుతుంది. 2013లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు, రిక్స్ క్యాబరే అనే క్లబ్బు డాన్సర్లు కాంట్రాక్టర్లు కారు, చట్టం ప్రకారం ఉద్యోగులేనని తేల్చింది. ఆ కేసు చివరికి కోటిన్నర డాలర్ల దగ్గర రాజీకి వచ్చింది. ఈ సంగతి చెబితే ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "ఇదంతా మావాళ్లకి కూడా చెప్తారా? వాళ్లు ఇక్కడిదాకా రారు" అని.

అలా వెళ్లాను. ఇంట్లో చెప్పే వెళ్లాను.

వారం మధ్యలో, జనం పల్చగా ఉండే వేళ, ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాను. ఇస్త్రీ చొక్కా టక్ చేసి ఉంది. కాళ్లకి నల్ల బూట్లు. లోపల చీకటిగా ఉంది, గోడవారగా ఖాళీ బల్ల కనిపిస్తే కూర్చున్నాను. నేను మందు తాగను, కోక్ చెప్పి డబ్బు అప్పుడే ఇచ్చేశాను. స్టేజీ వైపు చూడలేదు. రమ్మన్న అమ్మాయి ఎటునుంచి వస్తుందోనని తలుపులు చూస్తున్నాను, బార్ కౌంటర్ చూస్తున్నాను, వచ్చేపోయేవాళ్లని చూస్తున్నాను. జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీసి బల్ల మీద పెట్టుకున్నాను.

ఇప్పుడు చెప్పండి, ఆ గదిలో రోజూ పనిచేసే మనిషికి నేను ఎవరిలా కనిపిస్తాను?

డీజే మైకులో ఏదో అన్నాడు. నాకు మామూలు ప్రకటనలాగే వినిపించింది. స్టేజీ మీదున్న అమ్మాయి మాత్రం అంచు దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి జరిగింది. ఇంకో బల్ల దగ్గర ఒకతని భుజం మీద చెయ్యి వేసి మాట్లాడుతున్న అమ్మాయి ఆ చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుంది. బార్ దగ్గర నవ్వుకుంటున్నవాళ్లు నవ్వడం మానేశారు. ఎవరూ నా వైపు చూడటం లేదు. అందరూ ఒకేసారి ఒక మనిషి వైపు చూడకుండా ఉండటం ఎలా ఉంటుందో అక్కడ తెలిసింది. ఆ ప్రకటన నా గురించేనని తర్వాత చెప్పారు.

కాసేపటికి వయసులో కొంచెం పెద్దదైన ఒకామె వచ్చి ఎదురుగా కూర్చుంది. "నువ్వు పోలీసువా?" అంది. కాదన్నాను. "పోలీసువైతే చెప్పి తీరాలి, చట్టం ఉంది" అంది. కాదు, పన్నుల విషయం మాట్లాడటానికి వచ్చాను అన్నాను. పన్నులు అనేసరికి ఆమె ముఖం ఇంకా బిగుసుకుంది. "సరే, అయితే నా భుజం మీద చెయ్యి వెయ్యి" అంది. వెయ్యను అన్నాను. ఏ ఆడమనిషి మీదా నేను అలా చెయ్యి వెయ్యను, ఆ చోటయినా ఇంకో చోటయినా. ఆమెకి మాత్రం ఆ జవాబుతో అనుమానం బలపడిపోయింది. పోలీసు కాబట్టే ముట్టుకోలేదు అనుకుని లేచి వెళ్లిపోయింది.

ఈ పరీక్ష గురించి కాస్త ఆగి మాట్లాడాలి. ఆమె అడిగిన రెండూ డాన్సర్లలో చాలాకాలంగా వాడుకలో ఉన్నవే. మొదటిది, పోలీసుని సూటిగా అడిగితే నిజం చెప్పి తీరాలి అన్నది. అలాంటి చట్టం అమెరికాలో ఎక్కడా లేదు. 1966లో లూయిస్ కేసులో సుప్రీంకోర్టు, నేరం బయటపెట్టడానికి ప్రభుత్వ ఏజెంటు తానెవరో దాచి అబద్ధం చెప్పవచ్చని స్పష్టంగా చెప్పింది. ఎన్‌ట్రాప్‌మెంట్ అనే రక్షణ వేరే విషయం. నేరం చేసే ఉద్దేశమే లేని మనిషిని పోలీసులే ప్రేరేపించి చేయిస్తే అది వర్తిస్తుంది. నేను పోలీసుని కాదు అని అబద్ధమాడినంత మాత్రాన వర్తించదు.

రెండోది, పోలీసు ఒంటి మీద చెయ్యి వెయ్యడు అన్నది. ఇదీ నిలబడదు. హవాయి రాష్ట్రంలో 2014 దాకా వ్యభిచార నిరోధక చట్టం నుంచి విధుల్లో ఉన్న పోలీసులకి మినహాయింపు ఉండేది. శారీరక సంబంధం దాకా ఆ మినహాయింపు వర్తించేది. పత్రికల్లో గొడవ అయ్యాక ఆ వాక్యం మార్చారు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది ఇంకొకటి. మన ఒహాయోలో 2007లో వచ్చిన చట్టం ప్రకారం, ఇలాంటి క్లబ్బులో అరకొర బట్టల్లో ఉన్న డాన్సర్‌ని కస్టమర్ తాకకూడదు, ఆమె కస్టమర్‌ని తాకకూడదు. కస్టమర్లలో దగ్గరి కుటుంబసభ్యులకి తప్ప ఎవరికీ మినహాయింపు లేదు. మర్మస్థానాలు కాని చోట తాకినా అది నేరమే, 30 రోజుల దాకా జైలు పడొచ్చు. మర్మస్థానాల్లో తాకితే ఆరు నెలల దాకా వెళ్తుంది. అంటే నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి ఉంటే అది నేరం. పోలీసు కాదని తేల్చుకోవడానికి ఆమెకి ఉన్న ఒకే ఒక్క పరీక్ష, పోలీసుకి కేసు రాసుకోవడానికి కావలసిన పనే. ముట్టుకోనివ్వకపోతే ఎదురున్నది ఎవరో తెలియదు, ముట్టుకోనిస్తే కేసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

వాళ్లది ఊరికే భయం కాదు. 2018 జులై 11 రాత్రి మన కొలంబస్‌లోనే, సైరన్స్ అనే క్లబ్బులో, మఫ్టీలో ఉన్న, వ్యభిచారం లాంటి కేసులు చూసే వైస్ విభాగం డిటెక్టివ్‌లు కస్టమర్లలా కూర్చుని, అక్కడ ప్రదర్శన ఇస్తున్న పోర్న్ నటి స్టార్మీ డేనియల్స్‌ని అరెస్టు చేశారు. అప్పట్లో ఆమె పేరు ట్రంప్ వ్యవహారంలో రోజూ వార్తల్లో ఉండేది కాబట్టి ప్రపంచమంతా తెలిసింది. కస్టమర్లని తాకిందని మూడు కేసులు పెట్టారు. తెల్లవారాక అవి కొట్టేశారు. ఎందుకంటే ఆ చట్టం ఆ క్లబ్బులో తరచుగా ఆడేవాళ్లకే వర్తిస్తుంది. ఆమె ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే మనిషి. పొరపాటు జరిగిందని పోలీస్ చీఫ్ ఒప్పుకోవాల్సి వచ్చింది. 2019లో నగరం ఆమెకి 4,50,000 డాలర్లు ఇచ్చి రాజీపడింది.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. ఆమెకి పేరుంది, లాయరు ఉన్నాడు, కెమెరాలున్నాయి. అందుకే ఒక్క రోజులో తేలిపోయింది. అదే చట్టం కింద, అదే ఊళ్లో, వారమంతా ఒకే క్లబ్బులో ఆడే అమ్మాయిని పట్టుకుంటే కేసు కొట్టేయడానికి ఆ కారణం కూడా ఉండదు. ఊరూరా తిరిగే తారకి దొరికిన మినహాయింపు, రోజూ పనికొచ్చే మనిషికి లేదు.

అదే ఏడాది ఆగస్టులో జరిగింది ఇంకా ఘోరం. ఇది క్లబ్బులో కాదు, వీధిలో. ఇదే వైస్ విభాగానికి చెందిన ఒక అధికారి మఫ్టీలో, పోలీసు గుర్తులేవీ లేని కారులో, ఒక 23 ఏళ్ల యువతిని ఎక్కించుకున్నాడు. తాను పోలీసునన్నాడు. ఆమె నమ్మలేదు. పెనుగులాటలో ఆమె అతని చేతిని కత్తితో గాయపరిచింది. అతను కాల్చాడు, ఆమె చనిపోయింది. హత్యానేరం మీద మొదటి విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, 2023లో రెండోసారి నిర్దోషి అన్నారు. తర్వాత ఫెడరల్ కోర్టులో అతనే వేరే నేరాలు ఒప్పుకున్నాడు. అరెస్టు పేరు చెప్పి ఆడవాళ్లని నిర్బంధించినట్టు ఒప్పుకుని 11 ఏళ్ల జైలుశిక్ష పొందాడు. ఈ వరసలో ఎఫ్‌బీఐ దర్యాప్తు కూడా నడిచింది. 2019 మార్చిలో వైస్ విభాగాన్నే రద్దు చేశారు.

ఆ మనిషి నేరాలు ఒప్పుకున్నాక నాకు ఆ క్లబ్బులో ఒళ్లో చెయ్యి పెట్టుకున్న అమ్మాయి గుర్తొచ్చింది. పోలీసు కాని నన్ను వాళ్లు పోలీసు అనుకున్నారు, నాకు కోక్ గ్లాసు ముందు ఒంటరిగా కూర్చోవడం తప్ప ఏ నష్టమూ లేదు. నిజం పోలీసుని పోలీసు అని నమ్మని అమ్మాయికి ప్రాణం పోయింది. మనిషిని చూసి ఎవరో పోల్చుకోవాల్సిన బరువంతా ఆ ఆడవాళ్ల మీదే ఉంది. వాళ్లు ఎటు పొరబడినా మూల్యం వాళ్లదే. కంచే చేను మేస్తున్న చోట, కొత్తగా వచ్చిన ప్రతివాణ్నీ అనుమానించడం తెలివిగల పని. నన్ను అనుమానించినందుకు నాకు వాళ్ల మీద కోపం లేదు. నిజానికి వాళ్ల కళ్లు చాలా చురుకైనవి.

అసలు పోలీసులు ఇక్కడికి ఇంతగా ఎందుకు వస్తారని మీరు అడగొచ్చు. చాలావరకు మందు లైసెన్సు ద్వారా. మద్యనిషేధం 1933లో ఎత్తేశాక మద్యం మీద పెత్తనం రాష్ట్రాలకి వచ్చింది. 1972లో కాలిఫోర్నియా కేసులో సుప్రీంకోర్టు, లైసెన్సు ఉన్న చోట ఎలాంటి ప్రదర్శన ఉండాలో కూడా రాష్ట్రం శాసించవచ్చు అంది. ఆ వాదన తప్పని 1996లో అదే కోర్టు పక్కన పెట్టింది. ఈలోగా లైసెన్సు పట్టుకుని క్లబ్బుల్ని నడిపించడం అలవాటైపోయింది. ఒహాయోలో లిక్కర్ ఏజెంట్లు మామూలు దుస్తుల్లో తిరుగుతారు. నగర పోలీసులు వేరే, డ్రగ్స్ కోసం వచ్చేవాళ్లు వేరే, మనుషుల అక్రమ రవాణా కేసులు చూసేవాళ్లు వేరే. ఈ చివరివాళ్ల పని అవసరమే, నేను కాదనను. కానీ బల్ల దగ్గర కూర్చున్న మనిషి తనని కాపాడటానికి వచ్చాడో, తన మీద కేసు రాయడానికి వచ్చాడో ఆ అమ్మాయికి తెలిసే దారి లేదు. అందుకే కాపాడాల్సిన కేసుల్లో కూడా నోరు విప్పరు. కస్టమర్ చెయ్యిచేసుకున్నా, మేనేజరు డబ్బు ఎగ్గొట్టినా, 911కి ఫోన్ చెయ్యడానికి వెనకాడతారు. ఆ రాత్రి నాతో మాట్లాడిన ఒకామె అన్న మాట ఇది: "నేను ఫోన్ చేస్తే వచ్చేవాళ్లు ముందు నన్నే లెక్క అడుగుతారు."

మన దగ్గర ఇలాంటివి లేవు కదా అనుకోకండి. 2005లో మహారాష్ట్ర ప్రభుత్వం డాన్స్ బార్లు మూయించింది. వేల మంది ఆడవాళ్ల పని పోయింది. 2006లో బాంబే హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది, 2013లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. తర్వాత 2016 చట్టంతో, బార్లో సీసీ కెమెరాలు పెట్టాలనే షరతు తెచ్చారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, అది వ్యక్తిగత గోప్యతకి భంగం అని కొట్టేసింది. మఫ్టీ మనిషి చేసే పనిని కెమెరాతో చేయించాలని చూశారన్నమాట. మన కోస్తా జిల్లాల్లో జాతరలకీ తీర్థాలకీ జరిగే రికార్డింగ్ డాన్సులు మీలో చాలామందికి తెలుసు. పోలీసులు వచ్చారంటే పందిరి వేయించిన పెద్దమనుషులు ముందే సర్దుకుంటారు. మేకప్‌తో జీపెక్కేది ఆ డాన్సర్లే.

నేను మాట్లాడుతున్నది ఆ వృత్తి మంచిదా చెడ్డదా అని కాదు. దాని మీద ఈ హాల్లోనే పది రకాల అభిప్రాయాలు ఉంటాయి, ఉండనివ్వండి. చట్టబద్ధంగా నడిచే చోట, పన్ను కట్టే మనిషికి, తన ఎదుట కూర్చున్నది ఎవరో భయపడకుండా పనిచేసే హక్కు ఉండాలి అంటున్నాను. అది కోరుతున్నది నేనొక్కణ్నే కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లస్టీ లేడీ అనే క్లబ్బు డాన్సర్లు 1990ల్లోనే యూనియన్ పెట్టుకున్నారు. 2023లో లాస్ ఏంజెలస్‌లో స్టార్ గార్డెన్ అనే క్లబ్బు డాన్సర్లు నటుల యూనియన్ అయిన యాక్టర్స్ ఈక్విటీలో చేరారు. వాషింగ్టన్ రాష్ట్రంలో డాన్సర్లే ఏళ్ల తరబడి తిరిగి, 2024 మార్చిలో ఒక చట్టం తెప్పించుకున్నారు. పానిక్ బటన్లు ఉండాలి, క్లబ్బు సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, క్లబ్బు వసూలు చేసే ఫీజుకి పరిమితి ఉండాలి. అంతకు రెండు నెలల ముందే సియాటిల్‌లో స్వలింగ సంపర్కులు కలుసుకునే బార్లలోకి అధికారుల బృందం టార్చిలైట్లతో వెళ్లి, ఒంటి మీద బట్టలు ఎంతున్నాయో ఫొటోలు తీసింది. ఊరంతా మండిపడింది. ఆ అసభ్యత నిబంధన కూడా ఈ చట్టంతోనే పోయింది. ఒహాయోలో అలాంటి చట్టం లేదు. మన ప్రతినిధులకి ఉత్తరం రాసేటప్పుడు వీసాలూ గ్రీన్‌కార్డులతో పాటు దీన్ని కూడా ఒక్క వాక్యంలో రాయమని మిమ్మల్ని అడుగుతున్నాను.

(సభలోంచి ఒకావిడ: "చివరికి వాళ్లు మిమ్మల్ని నమ్మారా?")

కొందరు నమ్మారండీ. రమ్మన్న అమ్మాయి షిఫ్టుకి వచ్చాక నా పక్కన నిలబడి, ఈయన నా రిటర్ను వేశాడు అని చెప్పింది. అప్పుడు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. పుస్తకం జేబులో పెట్టేసి, రాయకుండా మాట్లాడాను. భుజం మీద చెయ్యి వెయ్యమన్నామె మాత్రం రాలేదు.

(అదే ఆవిడ: "మళ్లీ వెళ్లారా?")

వెళ్లలేదమ్మా. నేను వెళితే ఆ రాత్రి వాళ్ల సంపాదన పడిపోతుంది. పోలీసు ఉన్నాడనుకున్న గదిలో కస్టమర్లు ఉండరు, టిప్పులు ఉండవు, హౌస్ ఫీ మాత్రం కట్టక తప్పదు. అందుకని వాళ్లనే మా వీటా టేబుల్ దగ్గరికి రమ్మన్నాను. వెలుతురున్న చోటు, నలుగురూ ఉన్న చోటు, నా పేరు అట్టముక్క మీద రాసి ఉంటుంది. ఏం తేవాలో ఒక చీటీ రాసి ఆ అమ్మాయికిచ్చాను. హౌస్ ఫీ రసీదులు, రసీదు ఇవ్వకపోతే తేదీతో రాసుకున్న లెక్క, డీజేకీ బౌన్సర్‌కీ ఇచ్చింది, స్టేజీ మీద తప్ప బయట వేసుకోలేని దుస్తుల బిల్లులు. ఇవన్నీ షెడ్యూల్ సి లో, అంటే సొంత పని లెక్కలు చూపించే ఫారంలో, ఖర్చుగా చూపించుకోవచ్చు. ఇప్పుడు ప్రతి సీజన్‌లో కొందరు వస్తున్నారు. వచ్చే ఫిబ్రవరికి వాలంటీర్లు కావాలి. ఐఆర్‌ఎస్ శిక్షణ ఉచితం, పరీక్ష ఆన్‌లైన్‌లో రాయొచ్చు. పేర్లు ఇవ్వాలనుకునేవాళ్లు టీ దగ్గర కలవండి.